గంజి వరుసలో మా పెదనాయన

మా పెదనాయన పోయాడన్న కబురు నాకు ఎమ్మిగనూరు సంతలో అందింది. కబురు తెచ్చినాయన అంతటితో ఊరుకోక, "పాపం, ఉపదేశిగా ఒక్క ఎండాకాలమన్నా నిండల్యా. ఏం జేసినాడని సెప్పుకుంటాం?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏం చేశాడో నేను చెబుతాను, వినండి.

కోసిగి దగ్గర మా పల్లెకు ఆదోని నుంచి ఫాదరు ఎప్పుడో గాని రారు. తక్కిన రోజుల్లో జపాలు చెప్పించేదీ, చావుకూ పెళ్లికీ ముందు నిలబడేదీ ఉపదేశే. ఆ పని దొరికేదాకా పెదనాయన ఆదోనిలో పత్తి మూటలు మోశాడు. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. కొత్తలో ఎవరో "అయ్యగారూ" అంటే కసిరాడు: "నిన్నటిదాంక అన్నా అంటాంటివి గదప్పా! ఈ పొద్దు నాకేమన్నా కొమ్ములు మొలిచినాయా?"

ఫాదరు చెప్పగా విన్న కథ ఒకటి ఆయనకు ప్రాణం. నాలుగైదువందల ఏళ్ల కిందట రోమాపురిలో ఒక పోపుగారు గద్దెనెక్కి, నెల తిరక్కముందే కన్నుమూశారట. గద్దె ఎక్కినా పాత పేరు మార్చుకోలేదు. పట్టాభిషేకం ఆర్భాటం తగ్గించి ఆ సొమ్ము బీదలకిచ్చారు. బంధువులెవరినీ రోముకు రావద్దన్నారు. ఇది చెప్పి పెదనాయన తొడ చరిచేవాడు. "నెల గూడా బతకల్యా. అయినా సొంతోళ్లని దూరం పెట్టినాడు సూడు, మొగోడంటే ఆయప్ప!"

ఈ ఏటి కరువులో సగం ఊరు పని వెతుక్కుంటూ సుగ్గికి వలస పోయింది. మిగిలినవాళ్లకు చర్చి ముందర గంజి కాచారు. గరిటె పెదనాయన చేతికొచ్చింది. ముందు ముసలివాళ్లు, తర్వాత పసిపిల్లల తల్లులు, హొళగుంద వైపు నుంచి వచ్చిన కన్నడంవాళ్లు. ఆయన రక్తసంబంధీకులం మేం చివర. మా వంతుకు కుండలో గరిటె చప్పుడే మిగిలేది. ఆయన మా తర్వాత తినాలి. ఏం తిన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు మా నాయన ఆగలేక ముందుకు దూరాడు. "నీ తోడబుట్టినోణ్ని గదన్నా! నా పిల్లోళ్లు మనుసులు గాదా?"

"పోపుగారు సొంతోళ్లని ఊళ్లోకే రానీల్యా. నేను నిన్ను వరసలోకన్నా రానిచ్చినా. పో, ఎనకాల నిలబడు."

వరుసంతా నవ్వింది. నాయన చెంబు నేలకేసి కొట్టి, "నీ సావుకి గూడా రాను పో!" అని వెళ్లిపోయాడు. మళ్లీ మాటల్లేవు. వానలు పడకముందే పెదనాయనను జ్వరం తీసుకుపోయింది.

నేను ఊరు చేరేసరికి చుట్టాలు అరుగుల మీదే ఉన్నారు. "మాకేం జేసినాడని భుజం పెట్టల్ల?" అంటున్నారు. పెట్టకపోతే పోనీ! ముందు గంజి తాగినవాళ్లు నేనంటే నేనని పోటీపడి పెట్టెను మోశారు. కన్నడంవాళ్లు కూడా భుజం మార్చుకున్నారు. నాకు మాత్రం మా నాయన వస్తాడా రాడా అన్నదే దిగులు.

మట్టి వేయడానికి అందరూ వరుస కట్టారు. ఆ వరుస చివర మా నాయన కనిపించాడు.

"తోడబుట్టినోడివి, ముందుకి రాప్పా," అని పెద్దలు పిలిచారు.

"వద్దులేప్పా. మాయన్న నన్ను నిలబెట్టింది ఈడనే," అన్నాడు నాయన.

మండుటెండలో, అందరి వెనకాల, పిడికిట్లో మట్టి జారిపోకుండా పట్టుకుని, తన వంతు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.