కొట్టేసిన వాక్యం

నిన్న సూర్యాపేటలో మా వంటింటి అల్మారా అరల్లో కాగితాలు మార్చాను. పాత కాగితం లాగగానే పసుపు, ఇంగువ, నూనె కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు నాకు కరుణ సిస్టర్ గుర్తొస్తుంది. ఆమెది కోదాడ. మిర్యాలగూడ దగ్గర ఒక సర్కారు దవాఖానలో ఆమె కాంట్రాక్టు నర్సు, నేను కాంట్రాక్టు ఆయాను. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అయినా మూడో తరగతిలో నేను వదిలేసిన చదువును మళ్లీ నా చేత పట్టించింది ఆమే.

కాన్పుల వార్డులో ఒక వారం రెగ్యులర్ సిస్టర్ ఇన్‌చార్జి, మరుసటి వారం కరుణ సిస్టర్. అవే మంచాలు, అవే సూదులు, అదే బాధ్యత. జీతం మాత్రం సగం. నేనూ అంతే, నా పక్కన ఊడ్చే రెగ్యులర్ ఆయాతో పోలిస్తే. అది మామూలే అనుకునేదాన్ని. ఏటా మార్చిలో కొత్త బాండు కాగితం ఇచ్చేవారు. క్లర్కు వేలు పెట్టిన చోట సంతకం చేసి వచ్చేదాన్ని. డ్యూటీకి వేళకు వస్తానని రాయించుకుంటున్నారని నా నమ్మకం.

ఒక ఏడు కరుణ సిస్టర్ నా చేతిలోంచి ఆ కాగితం తీసుకొని పైకి చదివింది. రెగ్యులర్ ఉద్యోగులతో సమానంగా జీతం అడగనని ఒప్పుకుంటున్నట్టు అందులో ఒక వాక్యం ఉంది.

"లచ్చమ్మా, ఇన్నేళ్లూ నువ్వు దీని కింద సంతకం పెడుతున్నావు. తెలుసా?"

తెలియదు. అంగట్లో ఒక్కో వంకాయను మూడుసార్లు తిప్పి చూసే మనిషిని, ఆ కాగితాన్ని ఒక్కసారీ తిప్పి చూడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె తన కాగితంలో ఆ వాక్యాన్ని కలంతో కొట్టేసి, కింద సంతకం చేసి ఇచ్చింది. అలా అయితే ఉద్యోగం పోతుందన్నాడు క్లర్కు.

"పనిలో తేడా చూపించండి సార్. నేనే మళ్లీ రాసిస్తాను," అంది ఆమె.

నేను మాత్రం భయంతో ఎప్పటిలాగే సంతకం చేసిచ్చాను. ఒకటో తారీఖు నుంచి డ్యూటీ చార్టులో ఆమె పేరు లేదు. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. అయినా వెనక్కి తగ్గకుండా కోర్టుకు పోయింది. కాంట్రాక్టు నర్సులు చేసేది సాయం పనేనని, వార్డు బాధ్యత వాళ్లకు ఇవ్వలేదని పైఆఫీసు జవాబు రాసింది. పాత డ్యూటీ చార్టులు చూపిస్తే ఆ మాట నిలవదు. కానీ అవి దాచలేదని దవాఖాన ఆఫీసు వాళ్లు చెప్పారు. బస్టాండులో కలిసినప్పుడు ఆమె ఈ సంగతి చెప్పింది. నేను నేరుగా ఇంటికొచ్చి వంటింటి డబ్బాలన్నీ దించాను.

నెల కాగానే గోడ మీది చార్టు చెత్తబుట్టలో పడేసేవారు. అంత దళసరి కాగితం పారేయడం నాకు నచ్చక అరల్లో పరిచేదాన్ని. ఏడేళ్లవి ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. డబ్బాల మరకల మధ్య ఒక వారం రెగ్యులర్ సిస్టర్ పేరు, ఒక వారం కరుణ పేరు, కింద పెద్ద డాక్టరు సంతకం.

మరునాడు కట్టగట్టి ఇస్తే సిస్టర్ ఒక్కో చార్టూ తిప్పి చూసింది.

"ఇవి ఇంటికెందుకు తెచ్చావు లచ్చమ్మా?"

"గట్టి కాగితం సిస్టరమ్మా. పారెయ్య బుద్ధిగాలె."

ఆమె నవ్వింది. కళ్లు తుడుచుకుంది కూడా. ఆ చార్టులు నిజమేనని రెగ్యులర్ సిస్టర్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పింది, అది చిన్న సంగతి కాదు. చివరికి తీర్పు వచ్చింది: ఉద్యోగం వెనక్కి, జీతం సమానం.

డ్యూటీలో చేరిన రోజే ఆమె ఆయాలందరినీ కూర్చోబెట్టి, ఇప్పుడు మీ వంతు అంది. మధ్యాహ్నాలు మందుల డబ్బాల మీది అక్షరాలు చూపించి నా చేత చదివించింది. మళ్లీ మార్చి వచ్చింది. బాండు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ పోయాను. ఆ వాక్యం దొరికింది.

"సదువు రానిదానివి, నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు క్లర్కు.

"సదువు సక్కగ రాకున్నా గీత గియ్యొస్తది సారు."

కలం తీసుకొని కొట్టేశాను, గీత వంకరపోయింది. నా వెనక నిలబడ్డ ఆయాలందరూ అదే పని చేశారు. మేమూ కోర్టుకు పోతే కరుణ సిస్టర్ మా తరఫున సాక్ష్యం చెప్పింది. రెండేళ్లకు మా జీతమూ సమానమైంది. ఆఖరి మూడేళ్లు నేను పక్క ఆయాకు తక్కువ కాకుండా పనిచేసి, రిటైరై ఇంటికొచ్చాను.

ఇప్పుడు బ్యాంకులో గానీ, గ్యాసు ఆఫీసులో గానీ ఎవరైనా వేలు పెట్టి "ఇక్కడ సంతకం చెయ్యమ్మా" అంటే, ముందు సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంటాను. వెనక లైనులో వాళ్లు గొణుగుతారు. గొణగనీ. ఆఖరి అక్షరం దాకా చదివాకే నా పేరు రాస్తాను.