ఆ బోరు నీళ్లు మంచివని చెప్పాను

ఇన్నేళ్లుగా ఒకే ఒక్క మాట నా గుండె మీద కూర్చుని ఉంది. సూర్యాపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తూ, తాగకూడని బోరుకి ‘తాగవచ్చు’ అని అచ్చువేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో సంగతి. ఊళ్లలో ఫ్లోరైడ్ కోసం నీళ్లు పరీక్షిస్తున్నారు. ఏ బోరు మంచిదో, ఏది కాదో జాబితా తీసే ప్రోగ్రాం నేనే రాశాను. కోదాడలో నాకు ఈ పని నేర్పిన మాస్టారు ఒకటే చెప్పేవారు: పనిని వరుస మెట్లుగా విడగొట్టు, ఏ మెట్టు తప్పినా అక్కడే ఆగి, ఏది కాలేదో చెప్పించు. అలాగే రాశాను. బోరు నంబరు చదవాలి, దాని ఫలితం వెతకాలి, మంచిచెడ్డ తేల్చాలి, అచ్చువేయాలి. ఫలితం దొరక్కపోతే ఆగి, ఏ బోరుదో చెప్పాలి.

అది మాటిమాటికీ ఆగింది. కొన్ని బోర్ల పరీక్ష ఫలితాల చీటీలు ఇంకా కంప్యూటర్లోకి ఎక్కించనేలేదు. జాబితా కోసం మిర్యాలగూడ నుంచి వచ్చిన అధికారుల జీపు బయట ఉంది, మా ఓనరు నా నెత్తిన నిలబడ్డాడు. ఒక్క లైను చేర్చాను: తప్పు వస్తే ఏమీ చెప్పకుండా ముందుకు పో. జాబితా గడగడా వచ్చేసింది. ఫలితం దొరకని బోరుకి అంతకుముందు బోరు అంకే అంటుకుంటుందని నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదా? తట్టకూడదనుకున్నానేమో.

నెల తిరక్కుండానే మోతె అవతలి ఒక ఊరి నుంచి ఎల్లమ్మ అనే కూలిమనిషి సెంటరు వెతుక్కుంటూ వచ్చింది. బడి పంతులు జాబితా చదివి వినిపించాడట.

“సారూ, బడి కాడి బోరు నీళ్లల్ల పప్పు మంచిగ ఉడుకుతది. మా వాడ బోరు నీళ్లల్ల ఎంతసేపు పెట్టినా ఉడకది. రెండిటికీ ఒక్కటే ఎట్లొచ్చింది? జర మళ్ల సూడున్రి.”

“కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా,” అన్నాను.

“మీరు సదువుకున్నోళ్లు. ఇగ తాగుతం సారూ,” అని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక వెతికాను. వాళ్ల వాడ బోరు చీటీ, ఎక్కించని కట్టలో ఉంది. తాగకూడదని స్పష్టంగా ఉంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? ఆ ప్రశ్న పూర్తిగా వేసుకునే ధైర్యం కూడా లేక చీటీని మళ్లీ కట్టలోనే పెట్టేశాను.

ఐదారేళ్లకి ఉండబట్టలేక ఆ ఊరు వెళ్లాను. ఎల్లమ్మ గుర్తుపట్టింది. గడపలో కూర్చున్న ఆమె మనవరాలు గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు వంకరపోయాయి, పళ్ల మీద గోధుమరంగు చారలు. అదంతా ఆ బోరు వల్లేనా? ఏమో. ఆ ‘ఏమో’ని పట్టుకుని చాలాకాలం బతికాను.

“మన బోరు మంచిదని చెప్పిన సారు ఈయననే,” అని ఆ పిల్లకి చూపించి, చెంబుతో ఆ నీళ్లే ఇచ్చింది ఎల్లమ్మ. తాగాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచాను కూడా. నీళ్లు బాగున్నాయమ్మా అని చెంబు చేతికిచ్చి వచ్చేశాను.

ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. నాకు మాత్రమే. ఆ పిల్ల ఇప్పటికీ గోడ పట్టుకునే లేస్తూ ఉంటుంది.