ఖర్జూరం కనిపించని ఫోటో

అమీర్‌పేటలో మెట్లమీద చెయ్యి చాచి కూర్చున్న ఒక ముసలాయన ఫోటో ఇంకా ఫోన్లలో తిరుగుతోంది. కింద ‘నగరానికి కనిపించని ఆకలి’ అని ఉంటుంది. ఆయన బిచ్చగాడు కాదు. ఆ మెట్లు ఆయన సొంత బ్యాగుల దుకాణానివి. ఫోటో తీసిందీ, ఆ మాట రాసిందీ నేనే.

అప్పట్లో నేను ఆదివారాలు మాత్రమే ఫోటోగ్రాఫర్ని. పంజాగుట్టలో మా గుంపు ఒకటి ఉండేది. ఖరీదైన కెమెరాలు, చవక చూపులు. నవ్వుతున్న మనిషి మాకు పనికిరాడు. నవ్వు ఆగి ముడతలు తేలేదాకా కాచుకునేవాళ్లం. తర్వాత రంగు తీసేసి, నలుపు పెంచి, దాన్ని మానవత్వం అనేవాళ్లం. పక్కింటివాడి బాధేమిటో మాలో ఒక్కడికీ తెలియదు. ఫోటో మూలన సొంత పేరు వేసుకోవడం మాత్రం ఎవడూ మరిచేవాడు కాదు.

ఆ ఫోటోకి గుంపులో తెగ చప్పట్లు పడ్డాయి. ఎవరో ‘ఈ పెద్దాయనకు సాయం చేయండి’ అని తగిలించి ఊరంతా పంపారు. నేను మురిసిపోయాను.

కొన్నాళ్లకు నా కెమెరా సంచి జిప్పు పాడైతే అమీర్‌పేటలో ఒక బ్యాగుల దుకాణానికి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన సంచి అందుకుని, “ఫోటోలు దీస్తరా సార్?” అన్నాడు. నాలాంటివాడికి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఫోన్ తీసి వరసగా చూపించాను. అన్నిటికంటే గొప్పదని దాన్నీ చూపించాను. ఫోటోలో మనిషే నా ఎదురుగా ఉన్నాడని, ఆ మెట్లే ఎక్కి వచ్చానని తట్టలేదు. తీసిన రోజు నేను చూసింది ఆ చేతిని, ముఖాన్ని కాదు.

“కింద ఏం రాసిండ్రు? నాకు తెలుగు సదవరాదు. జర సదువుండ్రి.”

చదివాను. కాస్త భావం పలికించి మరీ చదివాను.

ఆయన లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. “ఇటు రా. నన్ను ఫకీర్‌ని చేసిన సార్ వచ్చిండు.”

ఆవిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. “గీయననా? మంచిగనే ఉన్నడు గదా. కండ్లు సుత ఉన్నయ్.”

“రంజాన్ల దీసినవ్ సార్ గది,” అన్నాడాయన. “ఉపాసం విడవనీకి అజాన్ కోసం చూస్తున్న. నా చేతుల ఖజూర్ ఉండె. ఏడ వాయె?”

నలుపు పెంచినప్పుడు ఖర్జూరం అరచేతి నీడలో కలిసిపోయింది. కలిసిపోతుంటే చూశాను. ఖాళీ చెయ్యే బాగుందని వదిలేశాను. దుకాణం బోర్డు నేనే కత్తిరించాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నవాణ్ని, రంజాన్ సాయంత్రం చేతిలో ఖర్జూరం ఎందుకుంటుందో తెలియక చేశానని చెప్పుకోలేను.

“ఏటా పేదోళ్లకు జకాత్ నేనిస్త,” అన్నాడు. “గీసారి యూసుఫ్‌గూడ నుంచి పోరగాళ్లొచ్చి నాకే ఇయ్యవట్టిండ్రు. గిరాకీ అంత చూస్తుండ్రు. వద్దంటే, షరమ్ పడకు చాచా అన్నరు.”

“ఇప్పుడే తీసేస్తానండీ.”

“నీ ఫోన్లకెల్లి తీస్తవ్. ఊరోళ్ల ఫోన్లకెల్లి ఎవరు తీస్తరు?”

రంగుల్లో ఉన్న అసలు ఫోటోను, బోర్డుతో, ఖర్జూరంతో, ఆ రోజే గుంపులో పెట్టి జరిగింది రాశాను. “రంగుల్లో ఫీల్ పోయింది గురువుగారూ, పాతదే బాగుంది,” అన్నాడు ఒకాయన. ఆ మాటకీ చప్పట్లు పడ్డాయి. ఒకప్పుడైతే నేనే అనుండేవాణ్ని.

ఈ రంజాన్‌లో ఒక సాయంత్రం అటు వెళ్లాను. మెట్లమీద ఎవరూ లేరు. షట్టర్ సగానికి పైగా దించి ఉంది. దాని కింద నేలమీద పరిచిన గుడ్డ, రెండు జతల పాదాలు కనిపించాయి. అజాన్ వినబడింది. వంగి పలకరిద్దామనుకుని ఆగిపోయాను. వంగితే, ఇక్కడ కూడా ఎవడో చూస్తున్నాడని ఆయనకు తెలుస్తుంది.