నాలుగూళ్ల ఆటలకు ఒకే సైటు

నాకు వీడియో గేములు ఆడటం రాదు. ఇప్పటికీ రాదు. తెర మీద ఆ తుపాకీ నా చేతికిస్తే గోడకేసి కాల్చుకుంటూ కూర్చుంటాను. అయినా గోదావరి జిల్లాల్లో నాలుగు ఊళ్ల ఆటగాళ్లు కొన్నేళ్లపాటు నేను కట్టిన సైటు మీదే కలుసుకున్నారు, పోటీలు పెట్టుకున్నారు, తిట్టుకున్నారు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయ్యాక, రాజమండ్రిలో ఒక నెట్ సెంటర్‌లో పనికి చేరాను. దాని యజమాని అంతకుముందు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లు మారినా ఊరందరికీ ఆయన మాస్టారే. సాయంత్రమైతే కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిపి కుర్రాళ్లు జట్లుగా తుపాకుల ఆట ఆడేవారు. నిన్న ఎవరు గెలిచారు, రేపు ఎవరికి ఎవరితో ఆట అన్న తగువులన్నీ నా కౌంటర్ దగ్గరకే వచ్చేవి. ఆ పోరు పడలేక, పుస్తకాలు చూసి నేర్చుకున్న కాస్త ప్రోగ్రామింగుతో ఒక సైటు కట్టాను. జట్ల పేర్లు, ఆటల తేదీలు, ఫలితాలు, కబుర్లాడుకోవడానికో పేజీ. ఇక నన్నడక్కుండా అందులో చూసుకోమన్నాను.

అందులో మన వైపు మర్యాద కూడా పెట్టాను. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునే రోజులవి. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా చివర 'గారు' అని సైటే తగిలించేది. ఆటగాళ్లు పెట్టుకునే పేర్లేమో ఒకడిది యముడు, ఒకడిది పులస. "పులస గారు యముడు గారిని ఓడించారు" అని తెర మీద పడితే సెంటరంతా పడీపడీ నవ్వేది. నవ్వారే గానీ తీసెయ్యమని ఒక్కరూ అనలేదు.

వంతెన దాటితే కొవ్వూరు. అక్కడి జట్టు కెప్టెన్ రైతుల ఇంటి అబ్బాయి, మహా నెమ్మదస్తుడు. మా సైటులో చేరమంటే ఇబ్బందిగా నవ్వాడు.

"మీ ఊరి పేరు మీద మేమెలా ఆడతామండి? మా జిల్లానే వేరు కదండీ."

నిజమే కదా అని సైటు మొత్తం కాపీ తీసి, ఊరి పేరు మార్చి ఇచ్చాను. అది చూసి కాకినాడ కాలేజీ కుర్రాళ్లు అడిగారు. వాళ్లకీ ఓ కాపీ ఇచ్చాను. అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

రాజమండ్రికీ కొవ్వూరుకీ మొదటి పోటీ రోజున కెప్టెన్ ఫోను చేశాడు. "మావాళ్లు పేరు కొడతంటే అలాంటివాళ్లెవరూ లేరంటందండి. అందరూ నా పక్కనే కూచునున్నారండి!" చూద్దును కదా, జట్టులో ప్రతి పేరు వెనకాలా రెండేసి గార్లు. అందరూ గారు గారు అయిపోయారు. జట్టు మొత్తాన్నీ చేర్చింది కెప్టెనే. చేర్చేటప్పుడు ఒక్కొక్కరికీ తనే 'గారు' అని కొట్టాడు, సైటు ఇంకోటి తగిలించింది. వాళ్లు పాపం ఉత్త పేరు కొడుతుంటే సైటు గుర్తుపట్టడం లేదు.

"గారు అని మీరెందుకు కొట్టారండీ?"

"నాకన్నా పెద్దోళ్లండి. ఉత్త పేరెలా కొడతామండీ?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఎవరు కొట్టినా కొట్టకపోయినా ఒక్క 'గారు' మాత్రమే మిగిలేలా ప్రోగ్రాం మార్చాను. ఆట నడిచింది. కానీ మార్చింది కొవ్వూరు కాపీలో కదా, ఆ తర్వాత కాకినాడలో అదే గొడవ. అక్కడ సర్దేసరికి వాళ్లకి ఇంకో అభ్యంతరం. "తల పేల్చేసినోడికి గారేంటండీ, తీసెయ్యండి" అన్నారు. అది చెప్పడానికీ అండీ కావాలి వాళ్లకి. తీసేశాను. మరోసారి రాజమండ్రిలో చేసిన మార్పులు కాకినాడకి ఎక్కిస్తే గారు మళ్లీ వచ్చింది, దాంతోపాటు కాకినాడ సైటు నెత్తిన రాజమండ్రి పేరూ వచ్చి కూర్చుంది. ఇక చూడండి ఫోన్లు! ఇక్కడ అతికిస్తే అక్కడ ఊడేది. నాకు తలప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అప్పుడే కాకినాడలో ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలే చేరాలి. మాస్టారు సంతోషించి స్వీట్లు తెప్పించారు. తెప్పించి, తింటూ, "నువ్వెళ్లిపోతే ఈ సైట్లన్నీ మూలపడతాయమ్మా. నువ్వుంటేనే గదా నడిచేది" అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేను మాత్రం చేతిలో స్వీటు తిరిగి పెట్టెలో పెట్టేశాను. నా బుర్రతో నేను కట్టిన మొదటి వస్తువు అది. నేను గుమ్మం దాటగానే చచ్చిపోతుందంటే, ఇన్నాళ్లూ నేను చేసింది పని కాదు, చాకిరీ అన్నట్టే. నేనలా వదిలి వెళ్లే రకాన్ని కాదు.

మూడు కాపీలూ పక్కన పడేసి మళ్లీ మొదటినుంచీ ఒకటే కట్టాను. అన్ని ఊళ్లకీ ఒకటే అయినవి ఏవి, ఊరూరికీ మారేవి ఏవి అని విడదీయడమే అందులో అసలు పని. ఫలితాలు, తేదీలు, కబుర్లు ఎక్కడైనా ఒకటే. ఊరి పేరు, రంగు, గారు ఉండాలా వద్దా అన్నవి మారతాయి. మారేవాటిని ప్రోగ్రాంలోంచి లాగేసి ప్రశ్నలుగా మార్చాను. ఎవరైనా కొత్తగా పెట్టుకుంటే సైటే మర్యాదగా అడుగుతుంది: మీ ఊరి పేరేంటండి, గారు పెట్టమంటారా అండి, అని. జవాబులిస్తే ఆ ఊరికో సైటు సిద్ధం.

పరీక్షకి మాస్టారినే కూర్చోబెట్టాను. నేను వెనకాల నిలబడి నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన ఆగి నావైపు చూసినప్పుడల్లా తప్పు నా ప్రశ్నదే అనుకుని, ఆయన్ని లేపి, ఆ ప్రశ్న తిరగరాసి, మళ్లీ కూర్చోబెట్టాను. "ఇదేం పరీక్షమ్మా, నేను పదిమందికి పాఠం చెప్పినోణ్ణి" అని విసుక్కున్నారు. చివరికి ఒకసారి తల తిప్పకుండా ఆఖరిదాకా వెళ్లిపోయారు. వెళ్లి, నావైపు తిరిగి, "ఇంతేనా?" అన్నారు. అంతకు మించిన సర్టిఫికెట్ నాకు ఏ కాలేజీ ఇవ్వలేదు.

మూడు ఊళ్ల సైట్లూ దాని మీదికి మార్చి, ఎవరికి కావాలన్నా తీసుకోమని దాన్ని నెట్‌లో పెట్టేసి కాకినాడ వెళ్లిపోయాను. కొత్తగా ఏ ఊరు పెట్టుకున్నా దాని పేరు ఆ మూడు సైట్ల అడుగున చేరే ఏర్పాటు చేశాను. కొన్ని నెలలు అక్కడ ఏ పేరూ చేరలేదు. రోజూ చూసేదాన్ని, చూసి మొహం మాడ్చుకునేదాన్ని.

ఒకరోజు ఆఫీసులో భోజనాల వేళ చూస్తే అడుగున కొత్త పేరు: నరసాపురం. అక్కడ నాకు ఒక్కరు కూడా తెలియదు. తెరిచాను. సముద్రం రంగు వేసుకున్నారు, గారు ఉంచుకున్నారు. ఒక ఆట వాయిదా పడింది. వాయిదాకి కారణం ఎంచుకోవడానికి నేను కరెంటు పోవడం, నెట్ రాకపోవడం, పరీక్షలు మాత్రమే ఇచ్చాను. వాళ్ల పేజీలో మాత్రం "వేటకెళ్లారు" అని ఉంది. ఎవరో నా ప్రోగ్రాం విప్పి, చదివి, అర్థం చేసుకుని, పడవల మీద చేపల వేటకి వెళ్లే తమ జట్టు కోసం ఆ కారణం కలుపుకున్నారు.

ముందు కోపం వచ్చింది. ఒక్క ఫోను చెయ్యొచ్చుగా, ఒక్క మాట అడగొచ్చుగా అని. మరుక్షణమే గుండె పొంగిపోయింది. పరుగున కిందికి దిగి, ఎదురుగా ఉన్న బూత్ నుంచి రాజమండ్రికి ఫోను చేశాను.

"మాస్టారూ, నరసాపురంలో వాళ్లంతట వాళ్లే పెట్టేసుకున్నారండి! నన్నెవరూ అడగలేదండి!"

"మంచిదేగా. మరి ఏడుస్తావేంటమ్మా?" అన్నారాయన.