టీచరమ్మ చేపలు, మా బాపు

మా చిన్నప్పుడు... గోదావరిఖని క్వార్టర్లల్ల పొద్దుగూకుతుంటె పిల్లలమందరం మా పక్కింటి కిటికీ కాడ గుంపు కట్టేటోళ్లం. లోపల టీవీ సూసుటానికి గాదు... చేపలు సూసుటానికి.

ఆ ఇంట్ల రూతు టీచరమ్మ ఉండేది. బడిల పాఠాలు చెప్పేది. ఆమె ముందరి రూముల పెద్ద అద్దాల తొట్టి... అండ్ల రంగురంగుల చేపలు. బొచ్చె, కొర్రమట్ట తప్ప వేరే చేపను ఎరుగని మాకు, అవి గూడ చేపలే అంటె నమ్మబుద్ధి గాకపోయేది.

"ఇవి వేడి దేశాల చేపలు. వీటికి సలి పడది. మన ఖనిల సలికాలం ఒక్కటి ఎల్లిపోతె సాలు" అని నవ్వేది టీచరమ్మ.

ఒక్కొక్కదాన్ని సూపెట్టి చెప్పేది. పలక లెక్క సన్నగ ఉండి, పైకీ కిందికీ రెక్కలు సాపుకొని నిమ్మళంగ తిరిగేది ఏంజెల్. బొగ్గు ముక్కకు పానమొచ్చినట్టు ఉండేది మోలీ. చారల జీబ్రా మన దేశపు వాగులల్లదేనట... ఒక్క కాడ నిలువది. గప్పీలల్ల మొగయి చిన్నగ, తోకలకు మస్తు రంగులు. ఆడయి పెద్దగ, సాదాగ. ఫైటర్ చేపను మాత్రం వేరే సీసాల పెట్టింది... రెండు మొగయి ఎదురుపడితె సచ్చేదాక కొట్టుకుంటయట. అద్దం పెడితె తన నీడతోటే కయ్యానికి దిగేది. మేము పడి పడి నవ్వేటోళ్లం.

గా రోజులల్లనే మా బాపుకు దెబ్బ తాకింది. బాయిల, అంటె బొగ్గు గనిల, పెద్ద పెళ్ల కాలు మీద పడ్డది. దవాఖానల చానా రోజులుండి ఇంటికొచ్చిండు.

అంతకు ముందు బాపు డ్యూటీ దిగి వస్తున్నడంటె క్వార్టర్ల లైను మొదట్లకెల్లే ఆయన గొంతు ఇనబడేది. గసోంటి మనిషి మాట బంజేసిండు. గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. కట్టు ఇప్పినంక "నడిస్తెనే కాలు సక్కగైతది" అని డాక్టర్ చెప్పినా, కాలు కింద పెట్టకపోయేటోడు. అమ్మ పొయ్యి కాడ కూసోని కొంగుతోని కండ్లు తుడుసుకునుడు నేను సూసేదాన్ని...

ఎండాకాలం సెలవులొచ్చినయ్. టీచరమ్మ బెల్లంపల్లికి, తల్లిగారింటికి పోవాలె. వచ్చి మా గడపల నిలబడ్డది.

"అన్నా, మా చేపలను మీకాడ పెట్టి పోత. మీరు ఇంట్లనే ఉంటున్నరు గద... జర సూస్కోండ్రి."

అమ్మ గబుక్కున బాపు దిక్కు సూసింది. ఇంట్లనే ఉంటున్నరన్న మాట బాపుకు ఎక్కడ తాకుతదో అని.

బాపు ఇటు తిరుగలె. "పెట్టి పో చెల్లె" అన్నడు.

తొట్టి ఆయన మంచం పక్కకు వచ్చింది. మేత నేనే ఏసేదాన్ని. మొదట్ల బాపు కన్నెత్తి సూడలె. తర్వాత తర్వాత... గోడ దిక్కున్న మొఖం మెల్లగ ఇటు తిరిగింది. మాట మాత్రం లేదు. ఊకె సూసుకుంట ఉండేటోడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం... అమ్మ నల్లా కాడికి పోయింది. నేను అర్రల గచ్చకాయలు ఆడుతున్న. ముందరి రూముకెల్లి పెద్ద కేక...

"బిడ్డా! జల్ది రా! చాయ్ జాలి పట్టుకరా!"

ఆ గొంతు ఇని ఎన్నాళ్లయిందో... ఉరికిన. బాపు మంచం మీద లేడు. నడిచేటందుకు ఇచ్చిన కర్ర గోడకు ఆనిచ్చినట్టే ఉన్నది. తొట్టి పట్టుకొని రెండు కాళ్ల మీద నిలబడ్డడు.

"గప్పీ ఈనుతున్నదే! గుడ్లు గాదు... పిల్లలే! అగో, కన్నతల్లే మింగుతున్నది సూడు!"

కంటిరెప్ప వెంట్రుకంత పిల్లలు... నాచుల దాక్కుంటున్నయ్. బాపు జాలితోని ఒక్కొక్కదాన్ని ఎత్తి చెంబు నీళ్లల్ల ఇడుస్తున్నడు. కాలు వణుకుతున్నది... కానీ కూసోలె.

బిందెతోని వచ్చిన అమ్మ గడపలనే ఆగిపోయింది. "ఏందయ్యా... నీ కాలు..."

"కాలు సంగతి తర్వాత! ఇంకో చెంబు తే ముందుగాల!"

అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు సమజ్ గాలె. చాయ్ జాలి పాడు జేసిండని మాత్రం చానా రోజులు తిట్టింది.

ఇగ ఆనాటికెల్లి బాపుకు తీరిక లేదు. నీళ్లు మరీ ఉడికిపోతె చేపలకు గాలి అందక పైకొచ్చి నోళ్లు తెరుస్తయ్. తొట్టి సుట్టు తడి గోనెసంచి కట్టేటోడు. కరెంటు పోయి బుడగల మిషిని బందైతె, చెంబుతోని నీళ్లు ముంచి పైకెల్లి ధారగ పోసేటోడు. అందుకోసం లేవాలె, నిలబడాలె, మళ్ల లేవాలె... డాక్టర్ చెప్తె కదలని కాలు చేపల కోసం కదిలింది.

టీచరమ్మ తిరిగొచ్చిన రోజు బాపు బయటికి ఎదురు నడిచిండు. "నీ చేపలు అన్ని ఉన్నయ్ చెల్లె... ఇంకా ఎక్కువనే ఉన్నయ్!"

టీచరమ్మ నడిచొస్తున్న బాపును సూసింది. "పిల్లలు మీయే అన్నా. మీ దగ్గరనే ఉండనియ్యిండ్రి" అన్నది.

వానలు మొదలైనంక బాపు మళ్ల డ్యూటీ ఎక్కిండు. బాయిలకు దిగే పని గాదు, పైన పని. కుంటుకుంటనే పోయేటోడు... పోతు పోతు ఒకపారి చేపలను సూసి పోయేటోడు.

ఇప్పుడు టీచరమ్మ లేదు. పోయిన ఏడు బాపు గూడ పోయిండు. మా లైనుల సగం క్వార్టర్లు ఖాళీగ, తలుపులు లేకుంట ఉన్నయ్...

మా ఇంట్ల నేను గూడ ఒక తొట్టి పెట్టుకున్న. మొన్న ఏంజెల్ జంట ఆకు మీద గుడ్లు పెట్టి, తల్లీ తండ్రీ రెండూ కావలుండి రెక్కలతోని ఇసురుకుంట కనబడ్డయ్. ఎందుకట్ల అని ఫోన్ల ఏఐని అడిగిన... గుడ్లకు మంచి నీళ్లు, గాలి తగులాలనట. చిటికెల చెప్పింది.

అన్నీ తెలుస్తున్నయ్ ఇప్పుడు... తెలిసినదాన్ని సూసి చిన్నపిల్లగాని లెక్క మురిసిపోయే పెద్దమనిషే ఇంట్ల లేడు.

మీ ఇంట్ల పెద్దోళ్లు దేన్ని సూసి గట్ల మురిసిపోయేటోళ్లు? కింద రాయండ్రి... కూసోని ఒక్కొక్కటి సదువుకుంట.