ఎర్రదుమ్ము దీవిలో శ్యామసుందరి

శ్యామసుందరికి దుమ్మంటే ఒళ్లు మంట. చేసే ఉద్యోగం మాత్రం దుమ్మును తూచడం! ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, సముద్రం మధ్యలో ఉన్న ఆ చిన్న దీవంతా బాక్సైటు గనే. ఓడల్లోకి ఖనిజం పోసినప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి ఊరి మీద పడుతుంది. అది కొలవడానికి ఇళ్ల కప్పుల మీద గాలి పీల్చే పంపులు పెట్టారు. వాటిలోని తెల్ల కాగితాలను పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచి, ఎంత దుమ్ము పట్టిందో రాయాలి. కాకినాడలో కెమిస్ట్రీ చదివినందుకు ఇదీ ఆవిడకు దక్కిన భాగ్యం.

భర్త ద్వారకానాథ్ గని ఆఫీసులో కంప్యూటర్ మనిషి. రెండువేల సంవత్సరం రాగానే యంత్రాలన్నీ తేదీ తెలియక ఎక్కడ చతికిలబడతాయోనని హడలిపోయి, కంపెనీ అతన్ని హైదరాబాదు నుంచి రప్పించుకుంది. అతని బెంగంతా ఆ జనవరి గురించి. ఆమె బెంగ ఎనిమిది నెలల కళావతి గురించి. రెండు నెలలుగా పిల్లకు ఒకటే దగ్గు, ఊపిరి తీస్తే పిల్లికూతలు. డాక్టరు మందిచ్చినా తగ్గలేదు.

శ్యామసుందరి ఊరుకునే రకమా? కిటికీలు బిగించి సందులకు టేపు అంటించింది. గుమ్మాల దగ్గర తడిగుడ్డలు పరిచింది. దగ్గు మొదలవక ముందు నుంచీ రోజూ పిల్లకు స్నానం కాగానే, మాంసం కాల్చుకోవడానికని షాపులో అమ్మే బొగ్గులు మూకుట్లో రాజేసి, పుట్టింటివారు పంపిన సాంబ్రాణి చల్లి, ఆ పొగ పట్టించేది. కఫం చేరదని వాళ్లమ్మ చెప్పింది మరి. వద్దనడానికి పక్కన పెద్దదిక్కెవరున్నారు గనక!

ఈ దీవి వదిలి పోదామని రోజూ పోరింది. "కాంట్రాక్ట్ మధ్యలో వదిలేసి ఎలా వెళ్తాం, సుందరీ? దుమ్ము వల్లేనని ప్రూఫ్ ఏది?" అన్నాడతను.

ప్రూఫేగా కావాల్సింది, చూపిస్తానంది. ల్యాబ్‌లో అడిగి ఒక పంపు తెచ్చి పిల్ల గదిలో రోజంతా నడిపింది. మర్నాడు శనివారం, అతనికి సెలవు. కాగితం ఉన్న డబ్బాను మూత తీయకుండానే ల్యాబ్‌కు పట్టుకెళ్తూ, తను రావడం ఆలస్యమైతే పిల్లకు స్నానం చేయించి పొగ వేయమని రెండుసార్లు చెప్పింది.

ల్యాబ్‌లో ఆ డబ్బాకూ, కప్పు మీది పంపు డబ్బాకూ మూతలు తీసింది. కప్పు మీది కాగితం ఎప్పటిలాగే ఎర్రగా ఉంది. పిల్ల గదిది నల్లగా ఉంది. తూచింది. పొరపాటేమోనని మళ్లీ తూచింది. బయటిదానికి మూడింతలు. ఈ ఎర్రమట్టి దీవిలో నలుపెక్కడిది? కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. సాంబ్రాణి వాసన.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది, పిల్ల స్నానం వేళ. ఇంటికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. కారెక్కి పరుగున ఇంటికి వచ్చింది.

మెట్ల మీదే దగ్గు వినిపించింది. గదంతా పొగ. ద్వారకానాథ్ కళ్లు నులుముకుంటూ పిల్లను మూకుడు మీదుగా పట్టుకుని, అంతా నువ్వు చెప్పినట్టే చేశానని మురిసిపోతున్నాడు.

"ఇలా ఇచ్చేయండి" అంది. "దుమ్ము కాదండీ. నేనే. రోజూ నేనే పొగ పెట్టాను దానికి."

పిల్లను లాక్కుని వరండాలోకి వచ్చింది. రేవులో ఓడ నింపుతున్నారు. ఎర్రదుమ్ము ఊరి మీదికి వస్తూనే ఉంది. ఇన్నాళ్లూ తను టేపులు అంటించి ఆపిన ఆ గాలిలోనే, కళావతిని భుజాన వేసుకుని నిలబడి, ఒక్కో ఊపిరీ లెక్కపెట్టసాగింది.