రెండో ఫైలు

బీరువా అడుగు అరలోంచి మా అమ్మాయి చిన్మయి ఆ నీలం ఫైలు తీసి తాడు విప్పగానే గదంతా వసకొమ్ము వాసన కమ్ముకుంది. పురుగు పట్టకుండా కాగితాల మధ్య వసకొమ్ము పెట్టడం సుభద్ర గారి అలవాటు. ఆవిడ పోయి రెండేళ్లయింది. వాసన మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

తాడేపల్లిగూడెంలో మా ఎదురింట్లో ఉండేవారు సుభద్ర గారు. ఏలూరులో ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రోజూ రైల్లో వెళ్లొచ్చిన మనిషి. నేనూ మా ఆయన రాఘవ దత్తతకు దరఖాస్తు పెడుతున్నామని తెలిసిన మర్నాడే రెండు ఖాళీ ఫైళ్లు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆరోగ్యం, పోలీసు విచారణ, ఆదాయం, పెళ్లి, ఇల్లు, ఏ కాగితం తెచ్చినా రెండేసి నకళ్లు తీయించేవారు. నాకు అసలే ఓపిక తక్కువ. "రెండో ఫైలు ఎందుకండీ? ఆఫీసు వాళ్లు ఒకటే కదా అడిగింది" అన్నాను విసుగ్గా.

"ఇది ఆఫీసుకి కాదమ్మా, బిడ్డకి. నన్నెలా తెచ్చుకున్నారని రేపు అడుగుతుంది కదా."

అప్పటికి ఆ బిడ్డ ఎవరో, ఎక్కడుందో మాకే తెలియదు. ఆవిడ మాత్రం బిడ్డ ఎదురుగా కూర్చుని చూస్తున్నంత శ్రద్ధగా కాగితాలు సర్దుతున్నారు.

చిక్కు రాఘవ టెన్త్ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. ఆయనది కొల్లేటి లంక గ్రామం. బడికి పడవలో వెళ్లాలి. అన్న కనిపెట్టుకుని ఉంటాడని, మా మామగారు ఇద్దరు కొడుకులనూ ఒకే రోజు ఒకే తరగతిలో చేర్పించి, చిన్నవాడైన రాఘవకు రెండేళ్లు పెంచి రాయించారు. కాగితం మీద ఆ అన్నదమ్ములు కవలలు. ఇంట్లో అందరం నవ్వుకునే సంగతే ఇప్పుడు పీకల మీదికొచ్చింది. దంపతుల వయసులు కలిపి ఒక హద్దు దాటితే పసిబిడ్డను ఇవ్వరు. ఆ రెండేళ్లతో మేం దాటిపోయాం. నేను కోరుకున్నదేమో ఒళ్లో పడుకోబెట్టుకునే పసిగుడ్డు.

ఏలూరులో ఒకాయన అసలు తేదీతో కొత్త జనన ధ్రువపత్రం పుట్టించి ఇస్తానన్నాడు. సంబరంగా వచ్చి చెప్పాను. సుభద్ర గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తేదీ నిజమేనమ్మా. కాగితం అబద్ధం. బిడ్డ ఫైల్లో దాన్ని ఏమని పెడతావు?"

"మీరు ఇద్దర్ని కన్నారు. మా బాధ మీకేం తెలుస్తుందండీ" అనేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు ఆవిడ మోకాళ్ల నొప్పులతోనే రెండు బస్సులు మారి, పడవెక్కి ఆ లంక బడికి వెళ్లి, రిజిస్టరు నకలు తెచ్చారు. తేదీ మార్పించాలంటే కోర్టుకెక్కాలని, ఏళ్లు పట్టొచ్చని కూడా కనుక్కుని వచ్చారు. సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులుపుకుంటూ మెల్లగా అడిగారు.

"కాస్త పెద్ద పిల్లలకైతే ఆ హద్దు ఇంకొంచెం ఎక్కువటమ్మా. నీకు కావాల్సింది బిడ్డా, పసిగుడ్డా? తొందరేం లేదు, ఆలోచించుకో."

రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు, కాగితం మీదున్న వయసే వేసి, పెద్ద పిల్లయినా సరేనని రాసి సంతకం పెట్టాను. సుభద్ర గారు దానికీ నకలు తీయించారు.

చిన్మయి ఐదేళ్లప్పుడు మా ఇంటికొచ్చింది. సుభద్ర గారు ఎదురొచ్చి, నీలం ఫైలు దాని రెండు చేతుల్లో పెట్టి, "ఇది మీదేనండీ" అన్నారు. ఐదేళ్ల పిల్లను అండీ అన్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు దానికి పన్నెండు. నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో కాగితమే చదువుతూ, లంక బడి రిజిస్టరు దగ్గర ఆగింది.

"అమ్మా, నాన్న వయసు సరిగ్గా రాసుంటే నేను వచ్చేదాన్ని కాదా?"

మాట మార్చాలనిపించింది. మార్చలేదు. ఆ ఫైలు ముందు కూర్చుని అబద్ధమాడడం నాకు చేతకాదు. ఆవిడ నాకు నేర్పిపోయింది అదే.

"వచ్చేదానివి కాదమ్మా. పసిబిడ్డే కావాలని పట్టుబట్టాను. రెండు రోజులు ఏడ్చాను కూడా."

అది నా ముఖంలోకి చూసింది.

"మూడో రోజో?"

నేను చెప్పేలోపే కాగితం తిప్పింది. పెద్ద పిల్లయినా సరేనని రాసిన కాగితం, కింద నా సంతకం. దాని మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదువుకుంది.